పదమూడేళ్ళ డీజిల్ కారు

ఐదు నెలలుగా అంగుళం కదలని కారును నాగజ్యోతి ప్రతి ఆదివారం కడుగుతూనే ఉంది. చిలకలూరిపేటలో ఫిబ్రవరి వచ్చిందంటే మిరపఘాటు, రోడ్డు దుమ్ము, జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరొచ్చే దూది పీచు కలిసి దేనిమీద పడితే దానిమీద పొరలా అతుక్కుంటాయి. పోర్టికోలో నిలబెట్టిన ఆ బూడిదరంగు కారు వారం తిరిగేసరికి పిండిమరలోంచి తెచ్చినట్టుండేది. బకెట్టు, పాతచీర ముక్క పట్టుకుని ఆమె అద్దాలు తుడుస్తుంటే, వరండాలో పేపరు చదువుతున్న శివరామకృష్ణ తల ఎత్తకుండానే అన్నాడు.

"అద్దం మీద చారలుండిపోయినయ్ చూడు. రేపు చెంచయ్య వస్తన్నాడు. చూట్టానికన్నా బాగుండాలిగా."

చెంచయ్య పాత కార్ల బ్రోకరు. అంటే అమ్మేస్తున్నారన్నమాట. ఆ సంగతి ఆమెకి చారలు తుడవాల్సిన పనిగా తెలిసింది.

ఆ కారు మంగళగిరిలో ఉండే శివరామకృష్ణ బాబాయి కొడుకు చైతన్యకృష్ణది. ఐదేళ్ళ కిందట అతను కొత్త కారు కొనుక్కుంటూ దీన్ని రెండు లక్షల ఎనభై వేలకి ఇచ్చాడు. ఆ డబ్బు నాగజ్యోతి పీఎఫ్ మీద తీసిన లోనుది. "నీ పీఎఫ్ ఊరికే పడుండేదేగా. కారుంటే నలుగురిలో పరువు" అన్నాడు భర్త. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే టీచరు ఆమె. ఆయనది పురుగుమందుల షాపు. షాపు డబ్బు షాపులోకే పోతుంది, జీతం డబ్బు ఇంట్లోకి వస్తుంది, ఆ ఏర్పాటు ఎప్పుడు ఎవరు చేశారో ఆమెకి గుర్తు లేదు. కారు వచ్చిన నెలలోనే సరదాపడి ఇరవై రోజులు డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళి లైసెన్సు తెచ్చుకుంది. ఒక్క ఆదివారం ఆయన ఆమెను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. వీధి చివర సెకండ్ గేరు వేయబోయి బండి ఆగిపోతే, "దిగు దిగు, క్లచ్చి కాల్చేస్తావ్. నీకెందుకు చెప్పు ఇది" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళినా ఆమె చోటు వెనకసీటే. పక్కన అత్తగారు హనుమాయమ్మ. కారెక్కితే ఆవిడకి వాంతులు. కవరు పట్టుకునే పని నాగజ్యోతిది. డ్రైవరు మగాడైతే ప్రయాణంలో కవరు పట్టుకునేది ఆడదే కావాలని ఎక్కడా రాసిలేదు. ఎవరూ రాయకుండానే జరిగిపోతూ ఉండేది.

ఏడాది కిందటి చలికాలం నుంచి కారు మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దునపూట స్టార్ట్ కాదు. అయితే వెనక నల్లపొగ. ఎడ్లపాడు దాటాక చిన్న ఎత్తు ఎక్కడానికి లారీల వెనక పాకుతూ పోయేది. గుంటూరులో ఏదో పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్తే టర్బో పోయింది, నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలి, క్లచ్చి కూడా అయిపోయింది, మొత్తం లక్షా ముప్పై వేలు అని కాగితం చేతిలో పెట్టారు. ఎలాగో ఇంటిదాకా తోలుకొచ్చి పోర్టికోలో పెట్టి ఇక ముట్టుకోలేదు ఆయన. కడగడం మాత్రం ఆగలేదు, ఎందుకంటే అది ఆయన పని కాదు.

"ఇంకోటి," అన్నాడు శివరామకృష్ణ పేజీ తిప్పుతూ. "హెడ్‌మాస్టర్ల ప్రమోషన్ లిస్టులో నీ పేరొచ్చిందంటగా. షాపుకొచ్చినాయన చెప్పాడు. వద్దని రాసిచ్చెయ్. నీ పేరు చివర్లో ఉంది, మిగిలేవన్నీ బస్సు రాని ఊళ్ళే. ఎట్టా పోతావు? పోతే ఇల్లెవరు చూస్తారు? నేను నెట్ సెంటర్లో లెటర్ టైపు చేయించుకొస్తాలే, సంతకం పెడుదువు."

నాలుగు రోజులుగా ఆ ప్రమోషన్ మాటను ఆమె ఎవరికీ చెప్పకుండా నోట్లో పటికబెల్లం ముక్కలా నాననిస్తోంది. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఒకసారి ఇలాగే పాప చిన్నదని వదులుకుంది. ఇప్పుడా పాప విజయవాడ హాస్టల్లో ఇంజనీరింగు మూడో సంవత్సరం. ఈసారి ఎవరు చిన్నవాళ్ళు? శివరామకృష్ణా? ఆ ఆలోచన రాగానే ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు కనపడకుండా వంగి టైరు కడిగింది.

మర్నాడు చెంచయ్య వచ్చాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, కాలితో టైరు తన్ని, "స్టార్టే కాని బండికి ఏమిస్తామండీ. యాభై ఐదు" అన్నాడు. శివరామకృష్ణ మొహం చిన్నబోయింది. చెంచయ్య వెళ్ళాక నాగజ్యోతి కాఫీ అందిస్తూ అంది.

"మా స్టూడెంటు ఒకమ్మాయి ఉందండీ, సమీరా అని. నరసరావుపేట రోడ్డులో వాళ్ళ నాన్న బుడాన్ మెకానిక్ షెడ్డు. ఆయనకి మోకాళ్ళ నొప్పులొచ్చాక తనే నడుపుతోంది. ఒకసారి చూపిస్తాను. నడిచే బండైతే చెంచయ్య ఇంకో యాభై ఎక్కువిస్తాడుగా."

"ఆ పిల్లా?" ఆయన గట్టిగా నవ్వాడు. "ఆడపిల్ల కారు రిపేరు. సర్లే, ఐదారువేలల్లో అయితే చేయించు. నాకు మాత్రం తిరిగే టైము లేదు."

ఆమెకి కావలసింది ఆ ఆఖరి మాటే.

బుధవారం స్కూలు అయ్యాక, సమీరా తాడుకట్టి లాక్కెళ్ళిన కారు షెడ్డులో బానెట్టు ఎత్తుకుని ఉంది. ఒక పాత టైరు మీద కూర్చుని బుడాన్ టీ తాగుతున్నాడు. "రండి మేడం. మా పిల్లని మీరు ప్రశ్నలు అడిగేవాళ్ళు, ఇప్పుడు మిమ్మల్ని అది అడుగుద్ది" అన్నాడు. సమీరా ముప్పైకి దగ్గర పడిన పిల్ల, చున్నీ నడుముకి బిగించి కట్టి, చెవి వెనక టెస్టరు పెట్టుకుని ఉంది. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చేసింది. క్లాసులో ఒక్కతే ఆడపిల్ల.

"మేడం, లోపల కూర్చోండి. బయటి బ్యాటరీ పెట్టా. నేను చెయ్యి ఊపినప్పుడు గట్టిగా రేజ్ ఇయ్యండి."

నాగజ్యోతి ఐదేళ్ళ తర్వాత స్టీరింగు ముందు కూర్చుంది. చాలాసేపు గురగురలాడి ఇంజను అందుకుంది. సమీరా చెయ్యి ఊపింది. ఆమె కాలు నొక్కింది. షెడ్డు నిండా నల్లపొగ. ఆ పొగలోంచే సమీరా అరిచింది, "చాల్చాల్! దిగిరండి మేడం, ఇక్కడ చెయ్యి పెట్టండి. నాన్నా, నువ్వెళ్ళి రేజ్ ఇయ్యి."

ఇంజను పక్కగా వెళ్ళే లావుపాటి రబ్బరు గొట్టం కింద అరచెయ్యి పెట్టింది నాగజ్యోతి. బుస్సుమని గాలి తగిలింది, ఎవరో దగ్గర్నుంచి ఊదినట్టు.

"గొట్టం పగిలింది మేడం. పైకి కనపడదు, అడుగున. టర్బో నొక్కి పంపే గాలి ఇంజనుకి పోకుండా ఇట్టా బయటికి పోతంది. అప్పుడేమైద్ది?"

బోర్డు దగ్గరికి పిలిచిన పిల్లలా నాగజ్యోతి ఒక్కక్షణం తడబడింది. "గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. సగమే మండుతుంది. మండనిది మసి." ఆగి, కళ్ళు పెద్దవి చేసింది. "నల్లపొగ! అందుకే పికప్ లేదు!"

"పదికి పది" అంది సమీరా. "టర్బో నిక్షేపంలా ఉంది. ఇంజెక్టర్లకీ ఏం కాలా."

"మరి లక్షా ముప్పై వేలు?"

"ఊడదీసి చూసే ఓపిక లేనోళ్ళు అన్నీ మార్చమంటారు మేడం. మీరే గదా చెప్పారు, డీజిల్ ఇంజనుకి స్పార్క్ ప్లగ్ ఉండదు, నొక్కిన గాలి వేడికే మండుద్ది అని. ఆ ఒక్క పాఠంతోనే నేను డిప్లొమాకి పోయా."

"నేను బొమ్మ గీసి చెప్పానే గానీ సమీరా, ఇన్నేళ్ళలో ఒక్క ఇంజనూ చూడలేదు."

"ఇప్పుడు చూడండి. చేతులు మాసిపోయినా పర్లేదుగా?"

చేతులు మాసిపోవడం! ఇరవై మూడేళ్ళుగా అంట్లమసి, చింతపండు, పసుపు, సుద్ద. మాసిన ఆ చేతుల్ని ఎవరైనా పర్లేదా అని అడిగారా? ఆమె గాజులు మోచేతి దాకా తోసుకుంది. పొగలో కొంత భాగాన్ని మళ్ళీ ఇంజనులోకి పంపే వాల్వు ఒకటుంటుంది, దాన్ని ఊడదీసి చూపించింది సమీరా. లోపలంతా కుంపటి అడుగులా మసిగడ్డ కట్టుకుపోయి, వేలు పట్టే సందు కూడా లేదు. ఒక గీకుడుపుల్ల, బ్రష్షు, కిరసనాయిలు డబ్బా ఆమె ముందు పెట్టింది. ముప్పావుగంట గీకింది నాగజ్యోతి. మసి కింద నుంచి వెండిలాంటి లోహం బయటపడుతుంటే ఆమె ఒళ్ళంతా తేలికైపోయింది. ఇంట్లో తోమిన గిన్నె సాయంత్రానికి మళ్ళీ మాడుతుంది. ఇది అలా కాదు, ఇది తోమితే బండి పరిగెడుతుంది.

ఆ తర్వాత సమీరా ఒక స్పేర్‌పార్టు అట్టపెట్టె చింపి దాని మీద రాసి చదివింది. చలిలో ఇంజనును వెచ్చబెట్టి స్టార్ట్ చేయించే హీటర్ ప్లగ్గులు నాలుగూ మార్చాలి, రెండు చచ్చిపోయాయి. నీళ్ళు చేరిన డీజిల్ ఫిల్టరు. గొట్టం. బ్యాటరీ. గతుకుల్లో టకటకలాడుతున్న ముందు చక్రాల లింకు రాడ్లు. "క్లచ్చి మాత్రం నిజంగానే అయిపోయింది మేడం, అబద్ధం చెప్పను. కూలీతో కలిపి పదిహేను వేలు. టైమింగ్ బెల్టు ఒకటి, ఏడున్నర వేలు. అది వాయిదా వెయ్యొద్దు. తెగేముందు చప్పుడన్నా చెయ్యదు, తెగితే ఇంజనే పోద్ది. అన్నీ కలిపి నలభై వేల నాలుగొందలు. ఏసీ కంప్రెసరుకి ఇంకో ఇరవై రెండు. అది తర్వాత చూద్దాం, కిటికీలున్నయ్ గదా."

"ఇవన్నీ చేస్తే ఎంతకాలం తిరుగుతుంది?"

"ఆయిలు టైముకి మార్చుకుంటే లక్ష కిలోమీటర్లు ఎటూ పోదు. ఏం మేడం, అమ్ముతున్నారన్నారుగా?"

"ఎవరన్నారు?" అంది నాగజ్యోతి. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని తెలియడానికి ఆమెకి కొంచెం సేపు పట్టింది.

క్లచ్చి తెప్పించడానికి ఛాసిస్ నంబరు కావాలని సమీరా ఆర్సీ అడిగింది. డాష్‌బోర్డు అరలో దొరికిన కార్డు మీద ఇప్పటికీ చైతన్యకృష్ణ పేరే ఉంది. ఐదేళ్ళుగా భర్త మార్పించనే లేదు. నాగజ్యోతి అక్కడి నుంచే ఫోన్ చేసింది.

"వదినా, మీరన్నా చేశారు!" అన్నాడు అతను. "పేరు మార్పించుకోమని అన్నయ్యకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. రేపు ఎక్కడన్నా గుద్దితే పోలీసులు నా ఇంటికొస్తారు. కాగితాలు పంపండి, సంతకాలు పెడతా. ఎవరి పేరు మీదికి?"

ఆమె జవాబు వెతుక్కునేలోపే అతనే అన్నాడు, "చెక్కు మీ ఖాతాలోంచే గదా వచ్చింది. మీ పేరు మీదికే చేయించుకోండి. అదే పద్ధతి."

అంత మామూలుగా అన్నాడు. ఐదేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరికీ తట్టని మాటను అతను పెరుగు తోడేసినంత తేలిగ్గా అనేశాడు.

శనివారం సాయంత్రం ఆమె భర్త చొక్కాలు ఇస్త్రీ చేసింది. ఆమె ఏటీఎం కార్డు ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. ఇస్త్రీకి ముందు జేబులోంచి తీసి కిటికీ మీద పెట్టడం, ఇస్త్రీ అయ్యాక మళ్ళీ అదే జేబులో పెట్టడం ఆమె వారంవారం చేసే పని. కార్డు మీద అచ్చులో తన పేరే ఉంటుంది, అయినా అది మడతపెట్టిన ఆయన చొక్కాలోకే వెళ్ళేది. మొదట్లో "నీకు బ్యాంకుల చుట్టూ తిరిగే పనెందుకు" అన్నాడు. అది సాయమనే అనుకుంది. తర్వాత చెప్పులు కొనుక్కోవడానికి కూడా అడగాల్సి వచ్చేది, అడిగితే లేదనేవాడు కాదు, "మొన్నేగా కొన్నావ్" అనేవాడు. ఆ రోజు చొక్కా మడతపెట్టింది, బీరువాలో సర్దింది. కార్డు మాత్రం తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. జిప్పు లాగుతూ గుమ్మంకేసి చూసింది, దొంగతనం చేస్తున్నట్టు. తన జీతాన్ని తానే దొంగిలిస్తున్నానా అనుకుని పగలబడి నవ్వింది. హాల్లోంచి హనుమాయమ్మ, "ఏందమ్మాయ్, ఇస్త్రీపెట్టె జోకులు చెప్తందా?" అంది.

రెండ్రోజులకి శివరామకృష్ణ కార్డు అడిగాడు. "నా దగ్గరుందండీ, కావాల్సినప్పుడు చెప్పండి, తీసుకొస్తాను" అంది. ఆయన చొక్కా జేబు తడిమి చూసుకుని, షాపుకి టైమైపోయిందని వెళ్ళిపోయాడు. ఇంత చిన్న వాక్యానికి ఇరవై మూడేళ్ళు పట్టిందా అని ఆ రోజంతా ఆమెకి ఆశ్చర్యంగానే ఉంది.

ఏప్రిల్లో కారు నడవసాగింది. షుగరుకి పొద్దున్నే నడవమన్నారని ఇంట్లో చెప్పి, ఐదున్నరకల్లా షెడ్డుకి చేరేది. సమీరా పక్కన కూర్చునేది. గణపవరం వైపు రోడ్డు మీద కోల్డ్ స్టోరేజీల ముందు మిరప బస్తాల లారీలు మైలు పొడవునా నిలబడి ఉండేవి. ఆ ఘాటుకి ఇద్దరూ తుమ్మేవాళ్ళు, తుమ్మినప్పుడల్లా బండి ఆగిపోయేది. మొదటిరోజు పదకొండుసార్లు ఆగింది. పదకొండుసార్లూ సమీరా ఒకటే అంది, "మళ్ళీ స్టార్ట్ చెయ్యండి మేడం." దిగు అనలేదు. నాలుగో రోజుకి కాలికి క్లచ్చి మాట వినిపించసాగింది, ఎక్కడ వదలాలో పాదమే చెప్పేది. వారం తర్వాత ఒక తెల్లవారుజామున మూడో గేరు, నాలుగో గేరు, ఐదో గేరు. కిటికీలోంచి చల్లగాలి, పక్కన పత్తి తీసేసిన నల్లరేగడి చేలు, ఎదురుగా ఇంకా ఎర్రగా ఉన్న సూర్యుడు. మిరప తొడిమలు తీసే కూలికి వెళ్తున్న ఆడవాళ్ళ ఆటోను ఆమె దాటేసింది. అందులో ఒకామె కొంగు ఊపుతూ అరిచింది, "ఓ అక్కో! రేపు మమ్మల్ని గూడా ఎక్కించుకో!"

నాగజ్యోతి హారన్ కొట్టింది. అనవసరంగా, సంతోషం పట్టలేక, మూడుసార్లు.

ఇంటికొచ్చాక హనుమాయమ్మ రాగిజావ గ్లాసు అందుకుంటూ కోడలి కాళ్ళకేసి చూసింది. "రోజూ నడిచొస్తున్నావుగా అమ్మాయ్, చెప్పులకి దుమ్ము లేదేం?" నాగజ్యోతి కాళ్ళు చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది. ఆవిడ జావ తాగుతూ, "మొహం మాత్రం బాగుంది" అంది.

మే మొదటి వారంలో కొత్త ఆర్సీ కార్డు పోస్టులో వచ్చింది. కారూ ఇంటికి వచ్చింది. సెల్ఫ్ తగలగానే అందుకుంటున్న ఇంజను విని శివరామకృష్ణ పొంగిపోయాడు. "నేను చెప్పలా, బండి గట్టిదని!" ఆ సాయంత్రమే చెంచయ్యని పిలిపించాడు. చెంచయ్య ఒక రౌండు తోలుకొచ్చి, ఈసారి టైరు తన్నలేదు.

"లక్షా డెబ్బై ఇస్తానండి. ఇదిగో ఐదు వేలు అడ్వాన్సు. ఆర్సీ చూపియ్యండి."

నాగజ్యోతి లోపలికి వెళ్ళి కార్డు తెచ్చి భర్తకి కాకుండా చెంచయ్యకే ఇచ్చింది. అతను కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "ఓనరు పేరు... నాగజ్యోతి. అంటే అమ్మగారు సంతకం పెట్టాలండి."

"నేను అమ్మట్లేదండీ" అంది ఆమె. "కాఫీ తాగి వెళ్ళండి."

చెంచయ్య కాఫీ తాగలేదు. ఐదు వేలూ జేబులో పెట్టుకుని గేటు దాటాడు. శివరామకృష్ణ కార్డును అటూఇటూ తిప్పి చూశాడు.

"ఎంతైంది రిపేరుకి?"

"నలభై వేల నాలుగొందలు."

"నన్నడక్కుండానా?"

"అడిగితే వద్దనేవాళ్ళు. అందుకని అడగలేదు."

దెబ్బలాడదామని నెలరోజులుగా ఎన్నో మాటలు మనసులో పేర్చి పెట్టుకుంది. పీఎఫ్ సంగతి, వెనకసీటు సంగతి, వదులుకున్న మొదటి ప్రమోషన్ సంగతి. తీరా ఆ సమయం వచ్చేసరికి వాటిలో ఒక్కటీ అవసరం పడలేదు.

"ప్రమోషన్ వద్దనే ఆ లెటరు మీద కూడా సంతకం పెట్టనండీ. ఇరవై ఎనిమిదో తారీఖు గుంటూరులో కౌన్సెలింగు. ఏ ఊరొస్తే ఆ ఊరు. స్కూళ్ళు తెరిచాక ఏడున్నరకే బయల్దేరాలి. కూర నేను చేసి పెడతాను. కుక్కరు మీరు పెట్టాలి, మీ క్యారేజీ మీరు సర్దుకోవాలి. అత్తయ్యకి జావ కూడా."

"నేనా? జావా?"

"నాకు గడ్డలు కట్టకుండా కాయాలి" అంది హనుమాయమ్మ వరండాలోంచి. "ముందే చెప్తన్నా కిట్టయ్యా."

శివరామకృష్ణ తల్లి వైపు, భార్య వైపు చూసి, "పో, నీ ఇష్టం. దారిలో ఆగితే మాత్రం నాకు ఫోన్ చెయ్యొద్దు" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాలుగో రోజు కుక్కరుకి ఎన్ని విజిల్స్ అని అడిగాడు.

ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున ఆమె తాళం తీసుకుని బయటికి వచ్చేసరికి హనుమాయమ్మ కారు చుట్టూ వంగి వంగి తిరుగుతోంది. నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది. నడుం పట్టుకుని లేస్తూ, "కాస్త మెల్లగా పోనీ. నీళ్ళ సీసా ముందు సీట్లో పెట్టా" అంది. ఆవిడ ఇన్నేళ్ళలో కోడలి ప్రయాణానికి నీళ్ళు నింపింది అదే మొదటిసారి. నాగజ్యోతి గేరు వేసింది. నిమ్మకాయలు చితికి పోర్టికో అంతా పుల్లటి వాసన పరుచుకుంది.

హైవే మీద ఏసీ లేదు, మే ఎండ, చీర ఒంటికి అంటుకుపోయింది. ఎడ్లపాడు దగ్గర ఎత్తు రాగానే ఆమె ఒళ్ళు బిగబట్టుకుంది. బండి అసలు ఎత్తు ఉన్నట్టే గమనించలేదు. ఆమె అద్దంలో వెనక్కి చూసింది. పొగ లేదు. ఒక సిమెంటు లారీ చిన్నదై, ఇంకా చిన్నదై మాయమైంది.

కౌన్సెలింగు హాల్లో ఆమె వంతు వచ్చేసరికి బోర్డు మీద ఐదే ఊళ్ళు మిగిలాయి. ముందున్న మాస్టారొకాయన ఉసూరుమంటూ వదులుకుని వెళ్ళిపోయాడు. గుమస్తా ఆమెకేసి జాలిగా చూశాడు. "ఇవన్నీ లోపలి ఊళ్ళు మేడం. పెదనందిపాడు దాటి ఉప్పలవారిపాలెం ఒకటి కాస్త పెద్ద స్కూలు. కానీ బస్సు పదింటికి గానీ రాదు. ఆలోచించుకోండి."

"ఆలోచించే వచ్చానండీ. ఉప్పలవారిపాలెం రాయండి."

ఆర్డరు కాగితం చేతికొచ్చాక చెట్టు నీడన ఆపిన కారులో కూర్చుని రెండుసార్లు చదువుకుంది. మూడోసారి చదువుతుంటే ఫోన్ మోగింది. శివరామకృష్ణ.

"ఆగిందా?"

"ఆగలేదండీ."

"ఎండ బాగా ఉంది. ఏసీ కూడా లేదుగా. మజ్జిగ తాగి బయల్దేరు." గొంతు తగ్గించి, "ఏ ఊరు?" అన్నాడు.

చెప్పింది. ఆయన ఏదో అనబోయి మానుకున్నాడు. అది కూడా ఆమెకి వినిపించింది.

నేరుగా ఇంటికి వెళ్ళాలనిపించలేదు. కారు పెదనందిపాడు రోడ్డు పట్టించింది. అటూ ఇటూ దున్ని వదిలిన నల్లటి చేలు, తొలకరి కోసం ఎండుతున్నాయి. రోడ్డు సన్నబడింది, తర్వాత గతుకులు పడింది. కొత్త లింకు రాడ్లు చప్పుడు లేకుండా గతుకుల్ని మింగేస్తుంటే ఆమె మనసులో సమీరాకి వంద మార్కులు వేసింది. ఊళ్ళోకి రాగానే మేకలు తోలుకెళ్ళే ముసలాయన్ని అడిగి స్కూలు ముందు ఆపింది. పసుపు గోడలు, తాళం వేసిన గేటు, వేప నీడలో చీపురు కట్టలు కట్టుకుంటున్న ఒకామె. స్కూల్లో ఆయా పని చేసే ప్రేమమ్మట. తాళాలగుత్తి కొంగున వేలాడుతోంది.

కొత్త హెడ్‌మాస్టరు వచ్చారని చెప్పగానే ఆమె కారు వెనకసీట్లోకి వంగి చూసింది. "కొత్త హెడ్‌మాస్టారుగారు లోపలున్నారామ్మా? ఎండకి పడుకున్నారా?"

"నేనే ప్రేమమ్మా హెడ్‌మాస్టర్ని."

"మరి డ్రైవరేడి?"

"అదీ నేనే."

ప్రేమమ్మ చీపురు కింద పెట్టేసింది. ఆమె కాసేపు నాగజ్యోతిని, కాసేపు కారును చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. గేటు తీసి గదులన్నీ తిప్పి చూపించింది. పదో తరగతి గదిలో నల్లబోర్డు మీద మార్చి నాటి లెక్కొకటి ఇంకా సగంలో ఉంది. ఆఖరి గది సైన్సు ల్యాబు. బీరువాలు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి, కానీ కిటికీలు పెద్దవి, వెలుగు ధారాళంగా పడుతోంది. ఇక్కడ పిల్లల చేత ఒక పాత ఇంజను ఊడదీయిస్తే ఎలా ఉంటుంది? సమీరాని పిలిస్తే రాకపోతుందా? ఆమె ఆ ఆలోచనలో ఉండగా ప్రేమమ్మ గడప దగ్గర నిలబడి, మనసులో మాట అడగనా వద్దా అన్నట్టు తాళాలు గలగలలాడించింది.

"పెద్ద సారు వారానికి రెండ్రోజులే వచ్చేవారమ్మా. బస్సు లేదనేవారు. నేను రోజూ తాళం తీసి పెట్టేదాన్ని. పిల్లలు వచ్చి కూర్చునేవోళ్ళు. మా మనవరాలు గూడా ఇక్కడే, ఎనిమిదో తరగతి. మీరు రోజూ వస్తారా?"

"రోజూ వస్తాను."

ప్రేమమ్మ కిటికీలోంచి కారును ఇంకోసారి పరీక్షగా చూసింది. నమ్మాలని ఉంది ఆమెకి, కానీ అది పాత బండి అని ఎవరికైనా తెలుస్తూనే ఉంది.

"మరి ఎప్పుడన్నా దారిలో అది ఆగిపోతేనో?"

నాగజ్యోతి నవ్వింది.

"ఆగితే బాగుచేసుకుని వస్తాను, ప్రేమమ్మా. నువ్వు తాళం తీసి ఉంచు."